ఫోటో మంచిగ రావాలని

నా తమ్ముడి మెదడు బొమ్మ నా దగ్గర ఉంది. మామూలు కాగితం మీద రంగుల్లో తీసిన ప్రింటు. పరిశోధనలో పాల్గొన్నవాళ్ళకు బొమ్మలిచ్చే పద్ధతి లేదట. సంతకం పెట్టే రోజే "నా ఫోటో నాకియ్యాలె మేడమ్, లేకుంటె నేను మిషన్ల పండ" అని వాడు షరతు పెట్టాడు కాబట్టి ఇచ్చారు. ఇల్లు విడిచిపోయిన రోజు దాన్ని అమ్మ కుట్టుమిషను మీద పెట్టి పోయాడు.

వాడు చనిపోయి ఏడాది దాటింది. నిమ్ము చేసి చనిపోయాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటే తగ్గే జబ్బు. ముప్పై నాలుగేళ్ళ మనిషి మాత్ర మింగడానికి ఎందుకు భయపడ్డాడో చెప్పాలంటే ఈ బొమ్మ సంగతి చెప్పాలి.

మాది లాల్‌దర్వాజా. బాపు ఉన్నప్పుడు కొట్టంలో పది బర్రెలుండేవి. ఆయన పోయాక రెండు మిగిలాయి. వాటి పాలు గల్లీలో పోస్తూ అమ్మ ఇల్లు నడిపింది. నేను ఒక జూనియర్ కాలేజీలో లైబ్రరీ చూసుకుంటాను. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. బార్కస్‌లో ఒక మోటార్ వైండింగ్ దుకాణంలో వాడికి పని. కాలిపోయిన నీళ్ళ మోటార్లు, మిక్సీలు, కూలర్లు వస్తే పాత రాగితీగ తీసేసి కొత్తది చుట్టేవాడు. కొన్నిటికి వెంట్రుకంత తీగ, వందల చుట్లు. ముచ్చట్లు పెడుతూ చుట్టేవాడు, లెక్క తప్పేది కాదు. దుకాణం యజమానిని ఉస్తాద్ అనేవాడు. ఆయన తాతల తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఆయన మాత్రం మాతో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. తమ్ముడికి పదహారేళ్ళప్పటి నుంచి పని నేర్పింది ఆయనే.

ఇరవై ఆరో ఏట జబ్బు మొదలైంది. మోటార్ తిరుగుతుంటే ఆ చప్పుడులో ఇద్దరు మగవాళ్ళు తన గురించి మాట్లాడుకుంటున్నారన్నాడు. మొదట్లో నవ్వుతూనే చెప్పాడు.

"ఒకడు తిడ్తడు, ఇంకొకడు ఊకుంటడు. ఆ ఊకునేటోడే డేంజర్ అక్కా."

తర్వాత నవ్వడం మానేశాడు. పని ఉన్నన్నాళ్ళు పోయేవాడు, లేకపోతే నెలల తరబడి ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఐదేళ్ళు అట్లా గడిచాయి. బయట తినడం పూర్తిగా మానేశాడు. హోటల్ చాయ్‌లో ఏదో కలుపుతున్నారన్నాడు. బోనాలప్పుడు పక్కింటివాళ్ళు పంపిన అన్నం బర్రెకు పెట్టి, దానికేమైనా అవుతుందేమోనని అరగంట ఎదురుగా కూర్చుని చూశాడు. ఉస్తాద్ ఇంటి నుంచి వచ్చే టిఫిన్ డబ్బా ముట్టలేదు. ఇంట్లో పాలు మాత్రం తాగేవాడు. పొద్దున తనే పితికేవాడు. తన చేత్తో పితికి, తన చేత్తోనే అమ్మకు గిన్నె అందించిన పాలు. వాటిని అనుమానించాలని వాడికి తోచలేదు.

డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చేవాడు కాదు. వాడి వాదన ఒక్కటే.

"మీటర్ పెట్టకుంట మోటార్ కాలిందంటె ఉస్తాద్ చెంప పగలగొడ్తడు. మీరేమో ఉత్త ముచ్చట పెట్టి నా తలకాయ కాలిందంటరు. పెట్టుండ్రి మీటర్. చూపియ్యుండ్రి."

ఒంటి జబ్బులకు రక్తపరీక్ష ఉంటుంది, ఎక్స్‌రే ఉంటుంది. దీనికి ఉన్నదల్లా ఎదురుగా కూర్చున్న డాక్టరు అడిగే ప్రశ్నలు. వాడు ఎదురుగా కూర్చోనన్నాడు.

చివరికి వాడిని వదిలి నేనూ అమ్మా వెళ్ళి ఒక ప్రైవేటు డాక్టరును కలిశాం. ఆయన మేం చెప్పింది విని చుక్కల మందు రాశాడు.

"రంగుండదు, రుచుండదు. పాలల్లో వేయండి. చాలా ఇళ్ళల్లో ఇట్లనే నడుస్తుంది," అన్నాడు.

వాడిని ఒక్కసారి చూడాలని ఆయన అడగలేదు. ఎందుకడగలేదని మేమూ అనుకోలేదు. చాలా ఇళ్ళల్లో నడుస్తుందన్న మాట వినగానే మా ఇంట్లోనూ నడవొచ్చనిపించింది.

అమ్మ సీసాను కుట్టుమిషను సొరుగులో దారపుకండెల కింద దాచింది. పొద్దున వాడు పాలు పితికి గిన్నె ఇచ్చి స్నానానికి పోయేవాడు. అమ్మ పాలు కాచి, గ్లాసులో పోసి, చుక్కలు లెక్కపెట్టేది. స్నానాలగది గొళ్ళెం చప్పుడు వినడానికి నేను గుమ్మంలో నిలబడేదాన్ని. రెండేళ్ళు, దాదాపు ప్రతి పొద్దునా, కాలేజీకి పోయే ముందు నేను చేసిన పని అది.

మందు పనిచేసింది. ఆ మాట దాచను. రెండు నెలలు తిరగకుండానే వాడు రోజూ దుకాణానికి పోవడం మొదలుపెట్టాడు. తిట్టే మనిషి ఇంకా ఉన్నాడు గానీ దూరం జరిగాడన్నాడు.

"నేను పట్టించుకుంట లేను గదా, వానికి బోర్ కొట్టింది," అన్నాడు.

అది తన గెలుపే అనుకున్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

రెండో ఏడు వాడి చేతులు మొద్దుబారాయి. బొటనవేలు వణికేది. సన్నతీగ పట్టుకుంటే తెగేది. ఉస్తాద్ ఏమీ అనకుండా వాడికి లావుతీగ మోటార్లే ఇవ్వసాగాడు. కొత్తగా పనికొచ్చినవాళ్ళకు ఇచ్చే పని అది. అన్నం తినేటప్పుడు వాడు కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. చుక్కలు ఎక్కువైతే చేతులు అట్లా అవుతాయని నేను పుస్తకంలో చదివాను. డాక్టరుకు చెప్తే తగ్గించమన్నాడు. తగ్గించిన నాలుగు రోజులకు వాడు ఇంట్లో ఊరికే తిరుగుతుంటే అమ్మ బెదిరిపోయి మళ్ళీ పెంచింది.

"తలల ఏదో అయితున్నదక్కా," అనేవాడు వాడు. "తలల నుంచే చేతికొస్తున్నది."

సరిగ్గానే చెప్పాడు. నేను పప్పు వడ్డించాను.

ఆ రోజుల్లో పేపర్లో ఒక చిన్న ప్రకటన వచ్చింది. నగరానికి అవతలి కొసన ఉన్న ఒక పరిశోధన కేంద్రం వేయించింది. మనిషి లేకుండా గొంతులు వినిపించేవాళ్ళ మెదడులో డోపమైన్ అనే రసాయనం ఎట్లా పనిచేస్తుందో స్కాన్ తీసి చూస్తారట. ఎన్నడూ మందు వాడనివాళ్ళు కావాలట. ఆ చివరి మాట చదివి కూడా నేను ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను.

అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. ఇంకా ఎన్నేళ్ళు దొంగచాటుగా పోస్తుంది? ఒక పొద్దున వాడు సబ్బు మరిచిపోయి బయటికొస్తే? వాడు తనంతట తాను, తన చేత్తో మందు వేసుకునే రోజు రావాలి. అందుకు వాడు అడిగింది మీటరు. లైబ్రరీలో ఎవరూ తీయని అరలో మెదడు మీద నాలుగైదు పుస్తకాలుండేవి. నేను అవన్నీ చదివాను. వాటిలో ఎర్రగా, పచ్చగా వెలిగే బొమ్మలుండేవి. అట్లాంటిది ఒకటి వాడి చేతిలో పెడితే చాలనుకున్నాను.

ప్రకటన చూపించాను. రెండుసార్లు చదివాడు.

"దీంట్ల కనవడ్తదా?"

"కనవడ్తది."

"ఏం లేదని వస్తె?"

"నిన్నెవ్వరం ఏమనం. నేను అనను, అమ్మ అనది, గల్లీల ఎవ్వరనరు."

"గల్లీ సంగతి నువ్వెట్ల చెప్తవ్? కార్పొరేటర్‌వా?" నవ్వాడు. పేపరు ముక్క నా చేతిలో పెట్టి, "సరే. ఉన్నదని వస్తె గోలీలు మింగుత. నా చేత్తోని నేనే. ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టు కోసమే నేను మిగతాదంతా చేశాను.

రెండు బస్సులు మారి వెళ్ళాం. పరిశోధన చేసే డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. మాట కోస్తాది. వాడి జబ్బు గురించి నాతో కాకుండా వాడితోనే మాట్లాడిన మొదటి మనిషి ఆమె. వాడిని 'మీరు' అంది. గొంతులు ఏమంటాయో, ఎప్పుడు వస్తాయో అడిగింది. వాడు చెప్పాడు, నాకు ఎప్పుడూ చెప్పనివి కూడా. తర్వాత తన ప్రశ్నలు తీశాడు.

"సూదిల ఏముంటది మేడమ్?"

"చాలా కొద్దిగా రేడియోధార్మిక పదార్థం. మెదడులో డోపమైన్ వచ్చి కూర్చునే చోట్లుంటాయి. మేమిచ్చేది కూడా వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. కూర్చున్నచోట స్కాన్‌లో వెలుగు కనిపిస్తుంది."

వాడు ఆలోచించాడు. "సాకెట్ల ప్లగ్ పెట్టినట్టు."

"సరిగ్గా అంతే."

"మరి సాకెట్ల ముందుగాలనే వేరే ప్లగ్గుంటె?"

"అప్పుడు మాది ఎక్కదు, వెలగదు. అందుకే మందులు వాడనివాళ్ళు కావాలంటున్నాం. మీలాంటివాళ్ళు దొరకడం చాలా కష్టం," అంది. ఆమె ముఖంలో సంతోషం కనిపించింది.

తర్వాత వాడి కుడిచేయి పట్టుకుని మణికట్టు దగ్గర మెల్లగా వంచి చూసింది. మళ్ళీ వంచింది. "ఎప్పుడూ ఏ మందూ వాడలేదా? నిద్రకు గానీ, దేనికైనా గానీ?"

"గోలీ అన్నదే ముట్టలే మేడమ్. జరమొస్తె కూడ ముట్ట."

ఆమె నా వైపు చూసింది. "ఇంట్లో ఎవరైనా ఇచ్చారా?"

వాడు నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా మోచేతులు తగులుతున్నాయి.

"లేదు," అన్నాను.

ఏమైనా గుర్తొస్తే ఫోన్ చేయమని ఆమె నాకు ఒక కార్డు ఇచ్చింది. చేయాల్సింది. చేస్తే వాడిని వద్దంటారు. వద్దంటే మీటరూ లేదు, ఒట్టూ లేదు. కార్డు పర్సులో పేపరు ముక్క పక్కన చేరింది.

సంతకం పెట్టాల్సిన కాగితాలను వాడు ఒక్కో పేజీ చదివాడు. ఒకచోట ఆగాడు. ఈ పరీక్ష వల్ల పాల్గొన్నవాళ్ళకు సొంతంగా ఏ ప్రయోజనమూ ఉండదని అక్కడ ఉంది.

"అంటె నా ముచ్చట తెల్వదా?"

"ఒక్కరి బొమ్మ చూసి జబ్బు ఉందనో లేదనో చెప్పలేమండీ," అంది డాక్టరు. "చాలామందివి తీసి, జబ్బు లేనివాళ్ళ బొమ్మలతో పోల్చి చూస్తాం. అప్పుడు తేడా తెలుస్తుంది. ఒక మనిషిని నిలబెట్టి చెప్పేంత దూరం ఇంకా రాలేదు."

వాడు నన్ను చూశాడు. "రాసుకునేది అట్లనే రాస్తరు రా," అన్నాను చిన్నగా. "రూల్ కోసం. చూసినోళ్ళకు తెల్వదా ఏంది?" వాడు సంతకం పెట్టాడు.

ఆమె నిజం చెప్పింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఈ కథలో తప్పు పంచుకోవడానికి ఒకరు దొరికేవాళ్ళు.

మందు ఒంట్లోంచి పోవడానికి ఎన్ని రోజులు పడుతుందో పుస్తకంలో చూశాను. స్కాన్‌కు పది రోజుల ముందు చుక్కలు ఆపితే చాలనిపించింది. నేను డాక్టరును కాను. చదివినదాన్ని, అంతే.

"పది రోజులా?" అంది అమ్మ. "ఆగమైతడే వాడు."

"పది రోజులే అమ్మా. తర్వాత వాడే వేసుకుంటడు. దాచుడు, దొంగతనం ఏం ఉండదు."

"సరే తియ్, బంద్ పెడ్త."

ఆ పది రోజులూ కాలేజీలో పుస్తకాల తనిఖీ. పొద్దున్నే పోయేదాన్ని. గుమ్మంలో నిలబడే పని ఎట్లాగూ లేదనుకున్నాను.

స్కాన్ రోజు చాయ్ తాగొద్దన్నారు, పాలు తాగొచ్చన్నారు. వాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. అమ్మ వాడి తల దువ్వబోతే, "ఫోటో తలకాయ లోపలిది అమ్మా, క్రాఫ్ కనవడది," అని తప్పించుకున్నాడు. పెద్ద గ్లాసు నిండా పాలు తాగి, మీసానికి అంటిన మీగడ తుడుచుకుని బయల్దేరాడు. నేను చూస్తూనే ఉన్నాను.

తల కదలకుండా ముఖానికి వలలాంటి తొడుగు బిగించి, వాడిని ఆ గుండ్రటి యంత్రంలోకి పంపారు. గంటన్నర. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. వాడు అట్లాంటి తొడుగును భరించలేడని, మధ్యలో పీకేసుకుంటాడని నాకు భయం. ఏమీ జరగలేదు. ఇంత కుదురుగా పడుకున్నవాళ్ళను చూడలేదని స్కాన్ తీసినతను మెచ్చుకున్నాడు.

"ఉస్తాద్ చూడాలె," అన్నాడు తమ్ముడు బస్సులో. "దుకాణంల పది నిముషాలు కుదురుగ కూసోవురా అని తిడ్తడు." మాట కొంచెం ముద్దగా వచ్చింది. తర్వాత నా భుజం మీద వాలి నిద్రపోయాడు. దిగేదాకా లేవలేదు. పది రోజులు చుక్కలు లేని మనిషి అంత నిద్ర పోడని నాకు అప్పుడు తోచలేదు. వాడు నా మీద వాలి నిద్రపోవడం బాగుందనిపించింది.

రెండు వారాల తర్వాత ఆమె మా ఇద్దరినీ పిలిచింది. కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి జబ్బు లేని ఎవరిదో. దానిలో తల మధ్యన రెండు చిక్కుడుగింజల్లాంటి చోట్లు ఎర్రగా వెలుగుతున్నాయి. రెండోది వాడిది. ఆ చోట్లు ఉన్నాయని తెలిస్తే తప్ప కనిపించవు. బూడిదనీలం.

వాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అంత శ్రద్ధగా వాడు మోటార్లను చూడడమే నేను చూశాను.

"నాది ఎలుగుత లేదు."

"అవును," అంది డాక్టరు. "స్కాన్ రోజున గానీ, అంతకుముందు గానీ మీరు ఏదైనా మందు..."

"లేదని చెప్పిన గదా మేడమ్."

వాడు తెర మీద ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు వేలు జరిపాడు. వేలు వణుకుతోంది.

"ఒకటడుగుత. దీన్ని చూసి నాకు జబ్బున్నదని చెప్పొస్తదా?"

"రాదండీ."

"లేదని చెప్పొస్తదా?"

"రాదు."

"మరేం చెప్పొస్తది?"

"మీ ఒంట్లో మందు ఉందని," అంది ఆమె. "కొంచెం కాదు. చాలా."

"వేరే ప్లగ్గున్నదన్నట్టు," అని నా వైపు తిరిగాడు. "అక్కా?"

నేను మొదట చూసింది డాక్టరు ముఖం. అది వాడు గమనించాడు. ఇంకేమీ అడగలేదు.

వాడు బయటికి నడిచాక ఆమె నాతో ఒక్క నిమిషం మాట్లాడింది. అతని ఎదురుగా మిమ్మల్ని అడగడం నా తప్పు, అంది. మీరు ఫోన్ చేయాల్సింది, అంది. ఈ స్కాన్ తమకు పనికిరాదని కూడా చెప్పింది. కోపం లేదు. ఎక్కువసేపు పనిచేసి అలసిపోయిన మనిషి గొంతు. మాటిచ్చింది కాబట్టి అప్పటికప్పుడే ప్రింటు తీసి, బయట ఉన్న వాడి చేతికి పంపించింది.

ఆ మాటలు ఇన్ని నెలలు ఆలోచించాను. అంత పెద్ద యంత్రం, అంత చదువు. గొంతులు ఎందుకు వినిపిస్తాయో అది వాడికి చెప్పలేదు. చేతులు మళ్ళీ సన్నతీగ పడతాయో లేదో చెప్పలేదు. వాడొక్కడిని నిలబెట్టి ఖాయంగా చెప్పగలిగింది, వాడికి తెలియకుండా ఎవరో మందు పోస్తున్నారని. హోటలువాణ్ణి, పక్కింటివాళ్ళను, ఉస్తాద్‌ను అనుమానించాడు. అవన్నీ జబ్బే. నిజంగా జరుగుతున్నదాన్ని మాత్రం అనుమానించలేదు.

వాడు నాకంటే ముందు ఇంటికి చేరాడు. నేను వచ్చేసరికి అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. సొరుగు తెరిచి ఉంది. సీసా వాడి చేతిలో ఉంది.

"ఎన్ని దినాల సంది?" అంటున్నాడు.

"బిడ్డా, నీ మంచికే..."

"ఎన్ని దినాల సంది అమ్మా?"

"రెండేండ్లు."

"ఫోటో దినం కూడ పోసినవా?"

అమ్మ నా వైపు చూసి, మళ్ళీ వాడి వైపు చూసింది. "అక్క బంద్ పెట్టుమన్నది. పెట్టిన. నాలుగు దినాలు పెట్టిన. నువ్వు కొట్టంల ఒక్కనివే మాట్లాడవడ్తివి. ఫోటో పాడైతదేమోనని మళ్ల పోసిన. ఆ దినం జర ఎక్కువనే పోసిన కొడుకా. ఫోటో మంచిగ రావాలని."

ఆమెకు తెలిసింది అంతే. ఫోటో అంటే మనిషి మంచిగా కనిపించాలి. సంబంధం చూడ్డానికి పంపే ఫోటోకు ముఖానికి పౌడరు రాసినట్టు, కొడుకు మెదడు ఫోటోకు ముందు మందు రెండింతలు పోసింది. నేను ఆమెకు 'బంద్ పెట్టు' అని చెప్పానే గానీ, ఎందుకో చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను. సాకెట్టూ ప్లగ్గూ అని వాడు ఒక్క ముక్కలో చెప్పేవాడు ఆమెకు.

వాడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "మంచిగనే వచ్చింది తియ్," అన్నాడు. పొద్దున తాగిన గ్లాసు కడిగి బోర్లించాడు. బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నది ఒక్క మాట.

"అమ్మంటె చదువుకోలే. నువ్వు చదువుకున్నదానివి గదా అక్కా."

ఉస్తాద్ దుకాణం పైన ఒక గది ఉంది. అక్కడ ఉన్నాడు. నేను వారం వారం పోయేదాన్ని. పైకి రానిచ్చేవాడు కాదు. కింద ఉస్తాద్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి సంగతులు చెప్పేవాడు.

"ఫికర్ మత్ కరో బహెన్. తింటున్నడు. ఎట్ల తింటున్నడో అడుగు. ముందుగాల నేను తినాలె, తిని పావుగంట ఆగాలె, నేను సావకుంటె తను తింటడు. నిజాం నవాబు లెక్క!" నవ్వి, గొంతు తగ్గించేవాడు. "మీరు గట్ల చెయ్యకపోయేదుండె. నాకు చెప్పినా నేను మాట్లాడి మింగిపిస్తుంటి. నా మాట వింటుండె గదా వాడు."

వింటుండేవాడు. ఉస్తాద్‌ను అడగాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. తీగలు చుట్టే మనిషికి ఈ జబ్బు గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

చుక్కలు లేక వాడి చేతులు బాగయ్యాయి. మూడో నెలకు సన్నతీగ మళ్ళీ చుట్టాడట. ఉస్తాద్ ఆ మోటారు తెచ్చి నాకు చూపించాడు. ఎక్కడా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు. అదే నెలలో మోటార్ చప్పుడులోని ఆ ఇద్దరు మనుషులు కూడా తిరిగొచ్చారు. ఈసారి ఊరుకునేవాడు మాట్లాడుతున్నాడట.

ఏడో నెల జ్వరం పట్టుకుంది. దగ్గు. ఉస్తాద్ మాత్రలు తెస్తే, ముందు నువ్వు మింగమన్నాడట. ఒంట్లో ఏ జ్వరమూ లేని ఆ మనిషి రెండు రోజులు ముందు తాను మింగి చూపించి, తర్వాత వాడితో మింగించాడు. మూడో రోజు వాడు ఆయన్ను కూడా నమ్మలేదు. మా అక్క నీకు చెప్పి పంపింది అన్నాడట. నేను ఏమీ చెప్పి పంపలేదు. కానీ అట్లా అనుకోవద్దని వాడికి చెప్పే ముఖం నాకు లేదు. మూత తీయని నీళ్ళ సీసా, చింపని మాత్రల పట్టీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. లోపల దగ్గు వినిపిస్తోంది.

"తమ్మీ, సీల్ కూడ తియ్యలే. చూడు."

"సీల్ ఏసుడు ఎంత సేపు అక్కా," అన్నాడు తలుపు వెనక నుంచి. తిట్టినట్టు అనలేదు. పని తెలిసిన మనిషి ఇంకొకరికి చెప్పినట్టు అన్నాడు.

స్పృహ తప్పాక ఉస్తాద్ ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను పోయేసరికి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. కొంచెం తెలివొచ్చి సెలైన్ సూది పీకబోతే చేతిని మంచానికి గుడ్డతో కట్టారు. కుడిచేయి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఉస్తాద్‌ను అడిగి కేస్‌షీట్ రాస్తున్నాడు. నేను పక్కన నిలబడి చదివాను. ఇంట్లోవాళ్ళు తన ఆహారంలో మందు కలుపుతున్నారని రోగికి భ్రమ, అని ఇంగ్లీషులో రాశాడు.

"అది భ్రమ కాదు సార్," అన్నాను. "నిజమే. మేం కలిపినం."

ఆయన తలెత్తాడు. "మీరేమవుతారు?"

"అక్కను."

"వీళ్ళకు ఇట్లనే ఉంటదమ్మా. ఇంటోళ్ళ మీదనే అనుమానం. మీరు మనసుకు తీసుకోకండి."

"లేదు సార్, పాలల్లో పోసినం. రెండేండ్లు. మా అమ్మ, నేను."

ఆయన నన్ను జాలిగా చూశాడు. నీళ్ళు తాగి కూర్చోమన్నాడు. రాసిన వాక్యం అట్లాగే ఉంచి పక్క మంచానికి పోయాడు.

తమ్ముడు కళ్ళు తెరిచే ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఆ మాట వాడి ఎదురుగా నేను పైకి అనడం అదే మొదటిసారి. మర్నాడు మధ్యాహ్నం కాకముందే పోయాడు.

కేస్‌షీట్ నకలు కావాలని దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నాను. ఆ ఒక్క వాక్యం దిద్దమని కూడా అడిగాను. చనిపోయినవాళ్ళ కాగితాలు దిద్దడం కుదరదన్నారు. దాన్ని వాడి బొమ్మతో కలిపి ఒకే కవరులో పెట్టాను. బొమ్మలో ఉన్నది మేం పోసిన మందు. కాగితంలో అది వాడి జబ్బు.

అమ్మ ఇప్పటికీ పొద్దున పాలు కాచి రెండు గ్లాసుల్లో పోస్తుంది. నా గ్లాసు నా ముందు పెట్టి, నేను తాగేదాకా చూస్తుంది. రెండోది అట్లాగే మీగడ కడుతుంది.